గోదావరి లంక పనులకు వచ్చే కూలీల బస: అంచనా వేసేటప్పుడే ఏమేం చేర్చాలి?

గట్టుమీద_ఇంజనీరు
జనవరి 4, రాత్రి 9.20

సభ్యులందరికీ నమస్కారం. గోదావరి వసిష్ఠ పాయలో ఉన్న ఒక లంక (ఏటి మధ్య దీవి) చుట్టూ ఏటిగట్టును పటిష్ఠం చేసే పని, దానితోపాటు రెండు తూములు కట్టే పని మా సంస్థకు వచ్చాయి. సంక్రాంతి వెళ్లగానే మొదలుపెట్టి, గోదావరికి ఎర్రనీరు (వరద నీరు) రాకముందే ముగించాలి. సైటు చేరాలంటే పంటు (మనుషులను, బండ్లను ఏరు దాటించే పెద్ద పడవ) మీద దాటి, ఆపైన మూడు కిలోమీటర్ల ఇసుక బాట పట్టాలి. పంటు సాయంత్రం ఆరు దాటితే నడవదు.

మొత్తం 140 మంది వస్తారని కూలీల గుంపులను తెచ్చే మేస్త్రీలు చెబుతున్నారు. మట్టి పనికి శ్రీకాకుళం నుంచి, ఒడిశాలోని రాయగడ వైపు నుంచి కుటుంబాలతో వచ్చేవారు ఎక్కువ. సెంట్రింగుకు (కాంక్రీటు పోయడానికి పలకలు బిగించే పనికి), ఇనుము కట్టడానికి బెంగాల్ కుర్రవాళ్లు వస్తారు. వీరిలో ఆడవారు 35 మంది. ఆరేళ్లలోపు పిల్లలు ఇరవై మంది దాకా ఉంటారట.

ఇంతకుముందు నేను పనిచేసిన ఒక సైటులో బస అంటే నాలుగు వాసాలు, ఒక టార్పాలిన్ మాత్రమే. అక్కడ ఇటుకలు మోసే ఒక తల్లి మధ్యాహ్నం అన్నం తిన్నాక గుక్కెడు నీళ్లతో సరిపెట్టుకునేది. ఎందుకమ్మా అని అడిగితే, చీకటి పడేదాకా వెళ్లడానికి చోటు లేదు బాబూ అని చెప్పింది. అప్పుడు నేను ఆ సంస్థలో కొత్తవాణ్ణి, నోరు మెదపలేదు. ఈసారి బస ఏర్పాటు బాధ్యత నాకే అప్పగించారు. పది రోజుల వ్యవధి ఉంది. చట్టప్రకారం ఏమివ్వాలో, ఈ నేలలో ఏది నిలబడుతుందో, వాళ్లకు నిజంగా ఏది కావాలో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

లేబరు_లాయరు
జనవరి 4, రాత్రి 10.45

ముందు చట్టం సంగతి చెబుతాను. ఇంతకాలం మనకు ఆధారం 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి నిర్మాణానికీ అది వర్తించేది. తాగునీటి స్థలం స్నానాల చోటుకు గానీ మరుగుదొడ్డికి గానీ ఆరు మీటర్ల లోపు ఉండకూడదని, పని జరిగినన్నాళ్లూ సైటులో గానీ వీలైనంత దగ్గరలో గానీ అద్దె తీసుకోకుండా బస ఇవ్వాలని, ఆ బసకు వంటకు, స్నానానికి, బట్టలుతకడానికి విడివిడి చోట్లు, మరుగుదొడ్లు ఉండాలని అందులో స్పష్టంగా రాశారు. 250 మంది ఉంటే క్యాంటీన్, ఆడవారు 50 మందికి మించితే ఆరేళ్లలోపు పిల్లలకు ఒక గది ఏర్పాటు చేయాలన్నారు.

2025 నవంబరు 21న నాలుగు లేబరు కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి రావడంతో ఈ చట్టం వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది. మీకు పనికొచ్చే మార్పులు రెండున్నాయి. క్యాంటీన్ పరిమితి 100 మందికి దిగింది. పిల్లల గదికి ఆడవారి సంఖ్యను కాకుండా మొత్తం కార్మికుల సంఖ్యను లెక్కలోకి తీసుకుంటున్నారు, ఆ పరిమితి 50. పాత లెక్క ప్రకారం 35 మంది ఆడవారు కాబట్టి మాకు బాధ్యత లేదు అని మీ సంస్థ చెప్పగలిగేది. ఇప్పుడు అలా తప్పించుకునే వీలు లేదు.

ఇంకొక ముఖ్య విషయం. వసతులు మేస్త్రీ చూసుకుంటాడు అనే మాట చెల్లదు. కాంట్రాక్టు కార్మికులకు సంక్షేమ వసతులు కల్పించే బాధ్యత ప్రధాన యజమానిదే, అంటే గుత్తేదారు ద్వారా పని చేయించుకునే సంస్థదే. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో గుత్తేదారు చేయకపోతే ప్రధాన యజమాని చేసి, ఆ ఖర్చు అతని నుంచి రాబట్టుకోవాలని ఉండేది. కొత్త కోడ్‌లో నేరుగా ప్రధాన యజమానిపైనే పెట్టారు.

మరుగుదొడ్ల సంఖ్య కోసం కాంట్రాక్టు కార్మికుల కేంద్ర నిబంధనల్లోని పాత లెక్కను కనీసంగా తీసుకోండి: ఆడవారు 25 మందికి ఒకటి, మగవారు మొదటి వంద మందిలో 25 మందికి ఒకటి, ఆపైన 50 మందికి ఒకటి. మీ సంఖ్యకు ఆడవారికి రెండు, మగవారికి ఐదు అవసరమవుతాయి.

విశ్రాంత_ఏఈ
జనవరి 5, ఉదయం 6.30

ఇంజనీరు గారూ, మీరు నోరు మెదపలేదన్న మాట చదివాక నాకు నిద్ర పట్టలేదు. నీటిపారుదల శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) ముప్పై ఏళ్లు పనిచేశాను, అందులో సగం కాలం క్లోజరు పనులతోనే గడిచింది. డెల్టా ఎరిగినవారికి క్లోజరంటే ఏమిటో తెలుసు. ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట) కోతలు అవుతుండగా ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలువలకు నీరు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదిలేలోపు పూడికలు తీయాలి, లాకులు (కాలువ తలుపులు), వంతెనలు, గోడలు బాగుచేయాలి. అంటే మన పని ముమ్మరంగా జరిగే నెలన్నరలోనే కాలువలో చుక్క నీరుండదు, ఎండ మాత్రం రోహిణి కార్తె వైపు పోతుంటుంది. వందల మంది కూలీలను ఎండిన కాలువ గట్టు మీదికి తెచ్చి, తాగడానికి ఎక్కడి నుంచి తెచ్చుకుంటారన్నది ఎవరూ ఆలోచించని పని అది.

ఒక ఏడాది లాకు కింద మడుగులో మిగిలిన నీటిని ఒక గుంపు తాగడం చూశాను. వాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కారు. ఒకావిడ చిల్లగింజను రాతిమీద అరగదీసి బిందె నీళ్లలో కలిపి, గంటసేపు కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని పలచని గుడ్డలో వడకట్టి పిల్లలకు పోసింది. గోదావరి వరద నీటిని మన అమ్మమ్మలు తేర్చిన పద్ధతే అది. నీరు అద్దంలా ఉంది. కానీ చిల్లగింజకు గానీ పటికకు గానీ మట్టిని దింపే గుణమే ఉంది, రోగాన్ని చంపే గుణం లేదు. నాలుగో రోజుకు సగం మందికి విరేచనాలు పట్టుకున్నాయి. ఒక ముసలాయన తట్టుకోలేకపోయాడు. గుత్తేదారు ఆ రోజు మస్తరులో (హాజరు పట్టీలో) అతని పేరు కొట్టేసి, పైనుంచి ఇంకొకరిని పిలిపించాడు. ఆ మస్తరును తనిఖీ చేసి సంతకం పెట్టింది నేనే.

కాబట్టి నీటి లెక్క ముందు వేయండి. ఎండలో బరువు పనిచేసే మనిషి ఇరవై నిమిషాలకు ఒకసారి పావు లీటరు తాగాలి. గంటకు ముప్పావు లీటరు, ఎనిమిది గంటలకు ఆరు లీటర్లు, ఇంటి దగ్గర తాగేది మరో రెండు లీటర్లు. 140 మందికి రోజుకు 1,120 లీటర్లు తాగడానికే కావాలి. పిల్లలకు, వంటకు కలిపితే రెండు వేల లీటర్లకు తగ్గదు. ఇరవై లీటర్ల టిన్నులతో ఈ లెక్క తేలదు, పంటు మీద రోజుకు వంద టిన్నులు దాటించలేరు. రెండు వేల లీటర్ల ట్యాంకును ట్రాక్టరు ట్రైలరుకు బిగించి, ఆ ట్రైలరునే పంటు ఎక్కించండి. ఒకరోజు పంటు ఆగినా పని నడిచేలా సైటులో మరో ట్యాంకు నిండుగా ఉండాలి. లంకలో బోరు నీరు తాగి చూడకుండా ఒప్పుకోకండి. సముద్రం దగ్గరయ్యే కొద్దీ పైపొరలో తియ్యగా ఉన్న నీరు నాలుగు రోజులు తోడేసరికి ఉప్పెక్కుతుంది.

ఉపకేంద్రం_నర్సు
జనవరి 5, మధ్యాహ్నం 2.15

ఏఈ గారు నీటి పరిమాణం చెప్పారు, నేను శుద్ధి సంగతి చెబుతాను. తెచ్చిన నీరు పంచాయతీ ట్యాంకుదైనా సైటులో మళ్లీ బ్లీచింగ్ కలపాలి. తేటనీటికి మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు సరిపోతుంది, కలిపిన గంట తర్వాతే తాగాలి. మూత తీసి వదిలేసిన పౌడరు సత్తువ కోల్పోతుంది కాబట్టి చిన్న డబ్బాలు కొనండి. పంచాయతీ నీటి సిబ్బంది దగ్గర క్లోరోస్కోపు (నీటిలో క్లోరిన్ ఎంతుందో చూసే పరికరం) ఉంటుంది. కొళాయి నీటిలో చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి, రాకపోతే మందు చాలలేదని అర్థం.

ఇప్పుడు మీరెవరూ అడగని విషయం. మీ అంచనాలో మంచాలు ఉన్నాయా? లంకల్లో కట్లపాము ఎక్కువ. అది రాత్రిపూట తిరుగుతుంది, ఎలుకల కోసం, వెచ్చదనం కోసం పాకల్లోకి వస్తుంది, నేలమీద పడుకున్న మనిషిని కరుస్తుంది. ఆ కాటుకు నొప్పి దాదాపు ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆ తర్వాత ఊపిరి అందదు. నా దగ్గరికి అలా వచ్చిన ఒక కుర్రవాడిని తోటివారు రాత్రి తాగి పడుకున్నాడు, మత్తు దిగలేదు అనుకుని ఎనిమిది గంటల దాకా లేపలేదు. పంటు దాటించి ఆసుపత్రికి చేర్చేసరికి కృత్రిమ శ్వాస పెట్టవలసి వచ్చింది. బతికాడు, అది అతని అదృష్టం.

నేలకు అడుగున్నర ఎత్తులో మంచం, పరుపు కిందికి అంచులు దోపిన దోమతెర. ఈ రెండూ ఉంటే కట్లపాము కాటు చాలావరకు తప్పుతుంది, దోమలూ ఆగుతాయి. నులకమంచాలే కానక్కర్లేదు, సరుగుడు బాదులు పాతి, పైన వెదురు తడక పరిచినా చాలు. ఇంకా, కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయకూడదని, ఆ కాలినో చేతినో ఎముక విరిగినప్పటిలా కదలకుండా కట్టి మోసుకుపోవాలని మేస్త్రీలందరికీ ముందే చెప్పండి. విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో నిల్వ ఉందో పని మొదలుపెట్టే వారంలోనే స్వయంగా వెళ్లి అడిగి రండి. 108 వాహనం మీ అవతలి రేవు దాకానే వస్తుంది. రాత్రి పంటు నడవదంటున్నారు కాబట్టి, మోటారు బిగించిన నాటు పడవ ఒకటి, దాన్ని నడిపే సరంగు ఒకడు మీ రేవులోనే పడుకోవాలి. దీన్ని వసతుల జాబితాలో మొదట రాయండి.

క్యూరింగ్ (కాంక్రీటును తడపడం) కోసం నింపే డ్రమ్ములు, తొట్లు వారానికొకసారి పూర్తిగా వంచి ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకు రావడానికి వారం పది రోజులు పడుతుంది.

చిన్న_గుత్తేదారు
జనవరి 5, రాత్రి 8.50

అందరూ చెప్పిందీ న్యాయమే. కానీ నా వైపు నుంచి కూడా ఒకసారి వినండి. నేను ఇరవై ఏళ్లుగా చిన్న కాంట్రాక్టులు చేస్తున్నాను. టెండరులో తక్కువ కోట్ చేసినవాడికే పని వస్తుంది. రేట్ల పట్టికలో కూలీల బస, నీరు, మరుగుదొడ్డి అన్నీ ఓవర్‌హెడ్లు, గుత్తేదారు లాభం అనే ఒకే శాతంలో కలిసి ఉంటాయి. నేను మంచాలు, పడవ, పిల్లల గది లెక్కవేసి కోట్ చేస్తే, అవేవీ వేయని నా పక్కవాడు నాకంటే తక్కువకు వేసి పని తీసుకుపోతాడు. పని దక్కకపోతే మంచి చేయడం ఎలా? పైగా ప్రతి బిల్లులో 1 శాతం కార్మిక సంక్షేమ సెస్సు కోత పడుతుంది, మళ్లీ వసతులూ నేనే పెట్టాలంటే రెండుసార్లు కట్టినట్టు అనిపిస్తుంది.

ఇంత చెప్పినా నేను చేయగలిగింది చేశాను. రేకులు, ఇనుప చట్రాలు బోల్టులతో విప్పేలా ఒకసారి చేయించుకున్నాను. ఇప్పటికి నాలుగు సైట్లు మారాయి, ఖర్చు నాలుగుగా చీలిపోయింది. లంకలో రేకుల షెడ్డు మధ్యాహ్నం పెనంలా కాలుతుంది, ఉత్త తాటాకు పాక చల్లగా ఉన్నా నిప్పుకు భయం. అందుకని రేకుల మీద కొబ్బరాకు దడులు పరిచి, పైన తాళ్లు లాగి కట్టి, రోజుకు రెండుసార్లు తడపమంటాను. పొయ్యిలన్నీ గాలివాటుకు కింది వైపు ముప్పై అడుగుల దూరంలో పెట్టిస్తాను. ఏప్రిల్ సాయంత్రాల్లో లేచే ఈదురుగాలికి రేకులు ఎగిరిపోకుండా కొక్కీ బోల్టులు వేయించండి, మేకులు నమ్మకండి.

లేబరు_లాయరు
జనవరి 5, రాత్రి 9.40

సెస్సు గురించి ఒక స్పష్టత. ఆ 1 శాతం సంక్షేమ బోర్డుకు వెళుతుంది. నమోదైన కార్మికుడికి ప్రమాద సహాయం, ప్రసూతి సహాయం వంటివి ఆ నిధి నుంచి రావాలి. సైటులో నీరు, బస ఇవ్వడం దానికి బదులు కాదు. ఆ నిధులు రాష్ట్రాల్లో పేరుకుపోయి కార్మికుడికి చేరడం లేదని 2018 మార్చి 19 నాటి తీర్పులో సుప్రీంకోర్టు తీవ్రంగా బాధపడింది. అందుకే మీ వంటి గుత్తేదారు ఖర్చు లేకుండా చేయగల పెద్ద మేలు ఒకటుంది. బోర్డులో నమోదు కావాలంటే 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసు, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు నిర్మాణంలో పనిచేసినట్టు ఆధారం ఉండాలి. ఆధారం లేకే ఎక్కువ మంది ఆగిపోతున్నారు. పని ముగిసి వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరికీ, ఆడవారికి కూడా వారి సొంత పేరుమీద, పనిచేసిన రోజులు రాసి సంతకం చేసిన కాగితం ఇవ్వండి. భార్య రోజులు భర్త మస్తరులో కలిపి రాసే అలవాటు మానేయాలి.

విశ్రాంత_ఏఈ
జనవరి 6, ఉదయం 6.05

చిన్న గుత్తేదారు గారు చెప్పిన శాతం సంగతే ఈ చర్చకు ఆయువుపట్టు. నేను శాఖలో ఉండగా దీన్ని మార్చలేకపోయాను. కాంక్రీటుకు ఘనపు మీటరు లెక్కన కొలత ఉంది, ఇనుముకు టన్ను లెక్క ఉంది, గట్టు మట్టికి రోలరు ఎన్నిసార్లు తిరగాలో కూడా రాస్తాం. మనిషి తాగే నీటికి మాత్రం కొలత పుస్తకంలో పంక్తి లేదు. కొలత లేనిదానికి బిల్లు ఉండదు, బిల్లు లేనిదాన్ని తనిఖీ చేసేవాడూ ఉండడు. బసను టెండరు షెడ్యూలులో విడి ఐటెంగా పెట్టి, ఇన్ని మంచాలు, ఇన్ని మరుగుదొడ్లు, రోజుకు ఇన్ని లీటర్ల నీరు, పడవ ఇన్ని రాత్రులు అని పరిమాణాలు రాసి, దానికి స్థిరమైన మొత్తం కట్టి, ఆ ఒక్క ఐటెం మీద పోటీ లేకుండా చేస్తే పక్కవాడు తక్కువ వేసే మార్గమే ఉండదు. ఏఈ వెళ్లి మంచాలు లెక్కపెట్టి కొలత పుస్తకంలో రాస్తేనే ఆ నెల డబ్బు వస్తుంది. లేకపోతే కోత పడుతుంది.

ఇప్పుడు మీ పనికి ఒప్పందం అయిపోయింది కాబట్టి అది కుదరదు. కనీసం మీ సంస్థ లోపలి బడ్జెట్టులోనైనా విడి పద్దుగా పెట్టించండి. మేస్త్రీ అడ్వాన్సులో కలిపి ఇచ్చారా, అది టార్పాలిన్‌గానే తేలుతుంది.

మేస్త్రీ_గారబ్బాయి
జనవరి 6, రాత్రి 10.10

మా నాన్న శ్రీకాకుళం నుంచి గుంపును తీసుకొచ్చే మేస్త్రీ. పదేళ్ల వయసు దాకా నేను కాలువ గట్ల మీదే పెరిగాను. లాయరు గారు చెప్పిన క్యాంటీన్ గురించి వేరే మాట చెప్పాలనిపించింది. కోపగించుకోకండి.

కుటుంబాలతో వచ్చినవారికి క్యాంటీన్ అన్నం వద్దు. ఆ అన్నానికి కూలిలో పట్టుకుంటారని ఒక భయం. ఎవరి పులుసు వారికి కావాలన్నది ఇంకొకటి. మాకు పొద్దున చద్దన్నంలో తరవాణి (పులిసిన గంజి నీళ్లు) పోసుకుని తింటే గానీ ఎండకు నిలవలేం. ఒడిశావాళ్లకూ రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున తినే అలవాటుంది. బెంగాల్ కుర్రవాళ్లు ఉప్పుడు బియ్యం అడుగుతారు, మన సోనా బియ్యం వాళ్లకు కడుపు నింపదు. విచిత్రమేమిటంటే కేరళకు పంపే బొండాల ఉప్పుడు బియ్యం ఆడేది మన గోదావరి జిల్లాల మిల్లుల్లోనే, మన సైటుకు మాత్రం రాదు. కాబట్టి ఒంటరిగా వచ్చిన కుర్రవాళ్లకు క్యాంటీన్ పెట్టండి, కుటుంబాలకు ఎత్తుగా కట్టిన పొయ్యిగట్లు, పైన రేకు, పొడిగా ఉండే కట్టెలో చిన్న గ్యాసు బండలో ఇవ్వండి. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు పద్ధతిలో వాళ్ల ఊరి కార్డుతో ఇక్కడి డిపోలో బియ్యం తీసుకోవచ్చు. ఆ డిపో అవతలి ఒడ్డున ఉంటుంది కనుక నెలకు ఒక పూట సెలవు, పంటు ఖర్చు ఇస్తే చాలు.

ఇంకొక సంగతి, చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉన్నా చెబుతాను. పొడుగాటి షెడ్డు ఒకటి వేసి అందరినీ వరుసగా పడుకోమంటారు. పెళ్లయినవాళ్లు ఉంటారు, ఎదిగిన ఆడపిల్లలు ఉంటారు. మా అమ్మ ఆరు నెలలపాటు చీరలు అడ్డం కట్టి కాపురం చేసింది. తలుపు, లోపల గడియ, పక్కవాళ్లకూ తమకూ మధ్య నిలువెత్తు తడక ఉన్న ఎనిమిది అడుగుల గది ఇస్తే ఆ కుటుంబం మీ పని వదిలి పోదు. సెల్‌ఫోన్లు ఛార్జి చేసుకోవడానికి ఒక బల్ల, తాళం వేసుకునే పెట్టె, ఆదివారం సంతకు పడవ. మా నాన్న గుంపు ఒక గుత్తేదారును వదిలి ఇంకొకరి దగ్గరికి వెళ్లిందంటే చాలాసార్లు కారణం కూలి రేటు కాదు, ఇలాంటివే.

అంగన్‌వాడీ_టీచర్
జనవరి 7, సాయంత్రం 5.30

ఇరవై మంది పిల్లలు అన్న మాట దగ్గర అందరూ త్వరగా దాటిపోయారు. మా ఊరి పక్కన కాలువ వంతెన కట్టినప్పుడు తల్లులు సెంట్రింగు గుంజలకు చీర ఉయ్యాల కట్టి, పసిబిడ్డను అందులో వేసి తట్టలు మోసేవారు. మూడేళ్ల అక్క ఆ ఉయ్యాలను ఊపేది. ఆ మూడేళ్ల పిల్లను ఎవరు చూడాలి? ఒకరోజు పునాది గోతిలో నిలిచిన నీటిలో పడింది. పక్కన ఇసుక జల్లిస్తున్న మనిషి గాజుల చప్పుడు విని దూకి తీశాడు. ఆ తర్వాత నేను అక్కడికి వెళ్లి పిల్లలను మా కేంద్రానికి పంపమని అడిగాను. వచ్చారు. వాళ్లకు తెలుగు రాదు, నాకు ఒడియా రాదు. గుడ్డు, పాలు ఇచ్చాను, రెండు వారాల్లో పాటలు నేర్చుకున్నారు. వలస వచ్చిన పిల్లలని ఏ అంగన్‌వాడీ కాదనకూడదు.

కానీ మీ సైటు లంకలో ఉంది, కేంద్రం అవతలి ఒడ్డున ఉంటుంది, మా వేళలు కూలీల వేళలతో కలవవు. అందుచేత పిల్లల గది సైటులోనే కావాలి. గొప్ప భవనమేమీ అక్కర్లేదు. ఢిల్లీలో 1969లో గాంధీజీ శతజయంతి ప్రదర్శన కోసం నిర్మాణం జరుగుతుండగా, మట్టిలో పడి ఉన్న కూలీల పిల్లలను చూసి మీరా మహదేవన్ గారు ఒక గుడారంలో మొదలుపెట్టినదే మొబైల్ క్రెష్ సంస్థ. మీరూ ఒక షెడ్డు చుట్టూ నడుమెత్తు దడి కట్టి, గోతుల వైపు కాకుండా చెట్ల నీడ వైపు ద్వారం పెట్టండి. గుంపులోనే పిల్లలు మాలిమి అయ్యే ఇద్దరు ఆడవారిని ఎంచుకుని, తట్ట మోస్తే ఎంత కూలి వస్తుందో అంతే కూలి ఇచ్చి అక్కడ కూర్చోబెట్టండి. తక్కువిస్తే ఎవరూ రారు. ముసలివాళ్లను, పదేళ్ల పిల్లలను కూర్చోబెట్టి సరిపెట్టకండి. పాలిచ్చే తల్లులకు పూటకు రెండుసార్లు విరామం ఇవ్వాలి, ఆ సమయానికి కూలి కోయకూడదు. పరిచయానికి మా సూపర్‌వైజరు ద్వారా ఆ ఊరి కేంద్రానికి కబురు పంపితే పోషకాహారం మీ రేవు దాకా వచ్చే ఏర్పాటు అడిగి చూడవచ్చు.

గట్టుమీద_ఇంజనీరు
జనవరి 8, ఉదయం 7.00

అందరికీ కృతజ్ఞతలు. ఒక్కొక్కరి మాటా రాసుకుని నిన్న మా ప్రాజెక్టు మేనేజరు గారి ముందు పెట్టాను. పడవకు, మంచాలకు ఒప్పుకున్నారు. మరుగుదొడ్ల దగ్గర ఆగాం. అక్కడ మూడున్నర అడుగులు తవ్వేసరికి నీరు ఊరుతోంది. ట్యాంకరుతో తోడించే వీలు లేదు. ఏం చేయాలి?

విశ్రాంత_ఏఈ
జనవరి 8, ఉదయం 8.20

కిందికి తవ్వకండి, పైకి కట్టండి. మూడడుగుల ఎత్తున మట్టి దిబ్బ పోసి, రోలరుతో తొక్కించి, అందులో సిమెంటు ఒరలు (గుండ్రటి వలయాలు) దింపండి. గుంత అడుగు ఊట నీటికి తగలకూడదు, ఎండాకాలం మట్టాన్ని కాకుండా వానాకాలం మట్టాన్ని ఊరివాళ్లను అడిగి తెలుసుకోండి. ప్రతి దొడ్డికి జంట గుంతలు, ఒకటి నిండితే రెండోదానికి మళ్లించే పెట్టె. మెట్లు, పట్టుకోవడానికి కర్ర ఉండాలి. పని ముగిశాక సున్నం వేసి, మట్టి కప్పి, దిబ్బను తొక్కించి రండి. వరద ముంచే చోట ఇది పనికిరాదు, అక్కడ మూత బిగించే ప్లాస్టిక్ ట్యాంకులు పెట్టి పంటు మీద వెనక్కి తీసుకురావలసిందే.

ఉపకేంద్రం_నర్సు
జనవరి 8, మధ్యాహ్నం 1.40

ఆడవారి దొడ్లు మగవారి వాటికి ఎదురుగా కాకుండా వేరే వైపు, బసకు యాభై అడుగుల లోపు ఉండాలి. దారి పొడవునా దీపం, లోపల గడియ, తొట్టిలో ఎప్పుడూ నీరు, మూత ఉన్న బుట్ట ఉండాలి. పని జరిగే గట్టు దగ్గర పగటిపూటకు విడిగా ఒకటి పెట్టండి. మీరు మొదట చెప్పిన ఆ తల్లి వంటివారు నీళ్లు మానేసి మూత్రంలో మంట, జ్వరంతో నా దగ్గరికి వస్తారు. మందు ఇస్తే తగ్గుతుంది, మళ్లీ అదే సైటుకు వెళితే మళ్లీ వస్తుంది.

చిన్న_గుత్తేదారు
జనవరి 8, రాత్రి 9.15

వరద మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. జూన్ దాటి పని సాగితే బసను ఎప్పుడు ఖాళీ చేయించాలి? ఆఖరి రోజు దాకా పని చేయించాలన్న ఒత్తిడి పైనుంచి ఉంటుంది.

విశ్రాంత_ఏఈ
జనవరి 9, ఉదయం 6.15

2022 జులై మరచిపోవద్దు. ధవళేశ్వరం దగ్గర ఆ ఏడాది వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంకల్లో ఇళ్ల చూరులు మాత్రమే కనిపించాయి. బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు, అంటే 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. లంక బస మొదటి హెచ్చరిక కోసం కూడా ఆగకూడదు. ఎగువన భద్రాచలం దగ్గర నది 43 అడుగులు తాకి అక్కడ మొదటి హెచ్చరిక పడిన పూటే ఆడవారు, పిల్లలు ఒడ్డు చేరాలి. నీరు పెరిగాక పంటు ఆపేస్తారు, అప్పుడు మీ దగ్గర ఉండేది ఆ ఒక్క పడవే. ఖాళీ చేయించే అధికారం పైవారిని అడగకుండా సైటు ఇంజనీరుకే ఇచ్చినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ రోజుల కూలి ఎవరు భరిస్తారో కూడా అందులోనే ఉండాలి, లేకపోతే కూలీలే కదలరు.

గట్టుమీద_ఇంజనీరు
జనవరి 27, రాత్రి 11.05

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. కూలీలు 19వ తేదీన వచ్చారు. ఖాళీ చేయించే అధికారం నా పేరుమీద లేఖ రూపంలో ఇచ్చారు. నీటి ట్రైలరు రోజూ ఉదయం మొదటి పంటుకే దాటుతోంది. ఉప్పుడు బియ్యం మండపేట నుంచి పదిహేను బస్తాలు తెప్పించాం, బెంగాల్ కుర్రవాళ్లు మొదటిరోజే బస్తా విప్పి గింజ కొరికి చూసి తల ఊపారు. పిల్లల గదిలో పద్దెనిమిది మంది ఉన్నారు. కూర్చునే ఇద్దరిలో ఒకామె రాయగడ మనిషి కావడంతో భాష ఇబ్బంది లేకపోయింది.

కానివి కూడా చెప్పాలి. కుటుంబాలకు విడి గదులు ఇరవై నాలుగు కావాలి, పదహారే అయ్యాయి. మిగతావారు పొడుగు షెడ్డులో తడకల మధ్య ఉన్నారు. మంచాలు 90 మాత్రమే వచ్చాయి. నేలమీద ఎవరు పడుకోవాలన్న ప్రశ్న వస్తే కుర్రవాళ్లు తామే పడుకుంటామన్నారు. నర్సు గారి మాట గుర్తొచ్చి నేను ఒప్పుకోలేదు, కొలిమి దగ్గరున్న సెంట్రింగు పలకలను డ్రమ్ముల మీద పరిచి ఈ వారం గడుపుతున్నాం. ఆడవారి దొడ్లకు వెళ్లే దారిలో దీపం నిన్నటి గాలికి తీగ తెగి ఆరిపోయింది. ఎలక్ట్రీషియన్ రేపు మొదటి పంటుకు వస్తాడు. అందాకా ఇద్దరు ఆడవారికి నా టార్చిలైటు ఇచ్చి వచ్చాను. మిగిలిన మంచాలు కూడా అదే పంటు మీద వస్తున్నాయి. దిగుమతికి నేను రేవు దగ్గరే ఉంటాను.